చేప కన్ను దగ్గరే ఎందుకు పగులుతుంది? చిన్న గాజు బొమ్మలు, మట్టి అచ్చులు

కావలి నుంచి మీరు అడిగిన విషయాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. బల్ల మీద పట్టేంత కరెంటు బట్టీ కొన్నారు. రావి ఆకు అచ్చు ఆన్‌లైన్‌లో తెప్పించారు, చేప అచ్చు మాత్రం మీ ఊరి కుమ్మరి చేత చేయించారు. వేలాడదీయడానికి రంధ్రం రావాలని చేప కన్ను స్థానంలో నిటారుగా ఒక మట్టి మేకు పెట్టించారు. కిటికీ అద్దం ముక్కలూ, పచ్చ సీసాలూ దంచి, కలిపి నింపారు. 830 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి స్విచ్ ఆపేశారు, మీటరు 300 చూపించగానే మూత తీసి చూశారు. చేపలన్నీ కన్ను దగ్గర నుంచి పగిలాయి. ఆకులు మొదటిసారి బాగానే ఊడివచ్చాయి, రెండోసారి అచ్చుకు అంటుకుపోయాయి. అంచుల చుట్టూ ముళ్ళు లేచాయి, పైభాగం మీగడ కట్టినట్టు మసకబారింది. ఇంకా వేడి పెంచాలా అని ఒక ప్రశ్న. గూడూరు ఇసుక గాజు ఫ్యాక్టరీలకు వెళుతుంది కదా, అదే తెచ్చి కరిగించకూడదా అని రెండో ప్రశ్న.

రెండో ప్రశ్న చిన్నది, ముందు దాన్ని తేల్చేస్తాను. గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్ల ఇసుక గాజు పరిశ్రమకు వెళ్ళే మాట నిజమే. అయితే ఆ సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. సోడా యాష్, సున్నపురాయి కలిపితే ఆ వేడి తగ్గుతుంది గానీ ఫ్యాక్టరీ కొలిమి అప్పటికీ 1,500 డిగ్రీల దరిదాపుల్లో మండుతూనే ఉంటుంది. మీ బట్టీకి 1,000 డిగ్రీలే ఎక్కువ. మనం చేసేదల్లా ఒకసారి తయారైన గాజును మళ్ళీ మెత్తబరిచి, అచ్చులో సర్దుకునేలా చేయడం. ఇసుకను ఫ్యాక్టరీలకే వదిలేయండి.

ఇక అసలు సంగతి. మీ ప్రశ్న అంతా వేడి చేయడం గురించే ఉంది, మీకు వచ్చిన నష్టమేమో ఎక్కువ భాగం చల్లారేటప్పుడు జరిగింది. కాబట్టి వేడి పెంచకండి. నేను నెల్లూరులో అద్దాలు కోసి ఫ్రేములు కట్టే పనిలో పాతికేళ్ళుగా ఉన్నాను, బట్టీ పెట్టి పన్నెండేళ్ళయింది. మొదటి రెండేళ్ళు నేను కూడా మీలాగే మీటరు పైకి వెళుతుంటే దాని ముందే కూర్చునేవాడిని, కిందికి దిగుతుంటే భోజనానికి లేచేవాడిని. తిరగేసి చేసి ఉంటే సగం గాజు మిగిలేది.

గాజు చల్లారుతూ ముడుచుకుంటుంది, అచ్చూ ముడుచుకుంటుంది. కానీ రెండూ ఒకేలా ముడుచుకోవు. కిటికీ అద్దం ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు తొమ్మిది వంతులు తగ్గితే, కాల్చిన మట్టి ఆరు వంతుల దగ్గర తగ్గుతుంది. గాజు గట్టిపడే 540 డిగ్రీల నుంచి గది వేడికి వచ్చేసరికి అయిదు సెంటీమీటర్ల చేప, తన గుంట కంటే ఒక తల వెంట్రుక మందమంత ఎక్కువ కుదించుకుపోతుంది. ఆ వెంట్రుక మందమే మనకు అన్నం పెడుతుంది. గాజు గోడల నుంచి లోపలికి జరుగుతుంది, అచ్చు తిరగేస్తే బొమ్మ అరచేతిలో పడుతుంది. మట్టి అచ్చులో గుంట ఉంటే గాజు ఊడిరావడానికి కారణం ఇదే.

మరి గుంట మధ్యలో ఒక మేకు నిలబడి ఉంటే? అక్కడ కథ తిరగబడుతుంది. గోడల నుంచి దూరంగా జరిగే గాజు మేకును మాత్రం నలువైపుల నుంచీ బిగించి పట్టుకుంటుంది. మేకు తనంతగా తగ్గదు, గాజుకేమో సాగే గుణం లేదు. నొక్కితే ఎంతో ఓర్చుకునే గాజు లాగితే ఏమాత్రం ఓర్చుకోదు. అందుకే పగులు ప్రతిసారీ కన్ను దగ్గర పుట్టి, దగ్గరలో ఉన్న అంచు వైపు పరుగెత్తుతోంది. కొనే అచ్చుల్లోనూ కొన్నిటికి ఇలాంటి మేకులుంటాయి. అవి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి, గాజు అంటుకోకుండా వేసే పూతను మందంగా వేస్తారు, గాజు ముడుచుకుంటూ కాస్త పైకి జరిగి తప్పించుకుంటుంది. మీ కుమ్మరి చేసింది నిటారు మేకు, తప్పు ఆయనది కాదు. ఆ మేకును విరిచేసి మొదలు గరగర లేకుండా అరగదీయండి. దాని స్థానంలో బట్టీ వేడిని తట్టుకునే సిరామిక్ ఫైబర్ పేపరును చుట్టలా చుట్టి నిలబెట్టండి. అది మెత్తన, గాజు నొక్కితే నలుగుతుంది. అంత ఓపిక లేకపోతే రంధ్రం లేకుండానే చేప పోసి, తరవాత నీళ్ళలో ముంచి ఉంచి డైమండ్ డ్రిల్ బిట్‌తో తొలవండి. నేను రెండో పద్ధతే వాడతాను, రంధ్రం నున్నగా వస్తుంది.

పగిలిన ముక్కలు పారేసి ఉండరనుకుంటాను. పగులు అంచును వేలితో తడమకుండా కంటితో చూడండి. అంచు కత్తిలా పదునుగా ఉంటే వేడి దిగేటప్పుడు పగిలింది, గుండ్రంగా కరిగి ఉంటే వేడి ఎక్కేటప్పుడే పగిలింది. మనం దంచిన గాజు రవ్వ పోస్తాం కాబట్టి ఎక్కేటప్పుడు పగలడానికి అక్కడ గాజు పలక లేదు. అప్పుడు పగిలేది అచ్చు మాత్రమే. వేగంగా వేడెక్కించకూడదని చెప్పడం అచ్చును కాపాడటానికే. అందులోనూ కుమ్మరి మట్టిలో ఇసుక ఉంటుంది, ఆ ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కాస్త ఉబ్బుతుంది. అక్కడ తొందరపడితే అచ్చు చీలుతుంది.

మేకు తీసేస్తే సమస్య తీరిపోతుందా అంటే తీరదు. కిటికీ అద్దం, సీసా కలిపానన్నారు, ఆ మాట చదవగానే నాకు ఒక దీపావళి గుర్తొచ్చింది. నలభై ఆకులు పోశాను, కొన్నిటికి అద్దం రవ్వ, మధ్యలో పచ్చ సీసా రవ్వ ఈనెలు. ఎంత ముచ్చటగా వచ్చాయో చెప్పలేను. బంధువులకు పంచాను. పదకొండో రోజు అర్ధరాత్రి మా అత్తగారింట్లో అలమరలో టింగుమని శబ్దం, పొద్దున చూస్తే ఆకు ఈనె వెంబడి రెండుగా విడిపోయింది. ఆ తరవాత నెల రోజుల పాటు ఇంటికొకరు ఫోను చేసి చెప్పారు. సీసా గాజూ కిటికీ గాజూ రెండూ సోడా సున్నం గాజులే అయినా వాటి పాళ్ళు వేరు, ముడుచుకునే కొలత వేరు. ఒక్కోసారి ఒకే రంగు సీసాలు కూడా రెండు కంపెనీలవైతే కలిసిరావు. ఇక ప్రయోగశాల బీకర్లు, పొయ్యి మీద పెట్టే గాజు గిన్నెల జోలికి అసలు పోవద్దు. అవి బోరోసిలికేట్, వాటి ముడుచుకునే కొలత కిటికీ అద్దంలో మూడో వంతుకు కాస్త పైన ఉంటుంది, అంతే.

ఒక బొమ్మకు ఒకే గాజు. కిటికీ అద్దమైతే ఒకే పలక నుంచి కోసిన ముక్కలు, సీసా అయితే ఒకే సీసా. నెల్లూరులో గాని కావలిలో గాని అద్దాల దుకాణంలో అడిగితే కోతల ముక్కలు ఊరికే ఇస్తారు, ఏ పలకవో అడిగి విడివిడిగా కట్టుకోండి. రంగులు కలపాల్సిందే అనుకుంటే కలిసివస్తాయని పరీక్షించి అమ్మే రవ్వ దొరుకుతుంది. దానిని ఫ్రిట్ అంటారు, డబ్బాల మీద 90 అనో 96 అనో రాసి ఉంటుంది, అది ఆ గాజు ముడుచుకునే కొలత. ఆ రెండు అంకెలను కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు. విదేశాల నుంచి వస్తుంది కాబట్టి ఖరీదు, నేర్చుకునే దశలో మీకు అవసరం లేదు.

కలిశాయో లేదో చూసుకోవడానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. లాప్‌టాప్ తెరను తెల్లగా పెట్టండి, పోలరైజ్డ్ చలువ కళ్ళజోడు కంటికి అడ్డంగా పట్టుకుని తెర నల్లబడే దాకా తిప్పండి. ఇప్పుడు బొమ్మను తెరకూ కళ్ళజోడుకూ మధ్య ఉంచండి. బొమ్మ కూడా నల్లగానే ఉంటే మంచిది. రెండు రంగులు కలిసిన చోట వెలుగు అంచు కట్టి కనిపిస్తే అది లోపల బిగుసుకుని ఉంది, ఈ రోజు కాకపోతే వచ్చే వారం పగులుతుంది. ఎనీలింగ్, అంటే గాజును ఒక వేడి దగ్గర కొంతసేపు ఆపి మెల్లగా చల్లార్చడం, చాలకపోయినా ఇలాగే వెలుగుతుంది. పచ్చ సీసా ముదురు రంగైతే కనిపించదు, పలచని ముక్కతో చూడండి.

ఎనీలింగ్ గురించే మీరు ఒక్క మాట కూడా రాయలేదు. గాజు బయట చల్లబడి లోపల వేడిగా ఉండిపోతే ఆ బిగువు అందులోనే గడ్డకడుతుంది. కిటికీ అద్దానికి 550 డిగ్రీల దగ్గర కొంతసేపు ఆపితే లోపలా బయటా ఒకే వేడికి వచ్చి బిగువు కరుగుతుంది. పైన చెప్పిన 90 అంకె గాజుకు 482 డిగ్రీలు, 96 అంకె గాజుకు 510 డిగ్రీలు. ఎంతసేపన్నది మందాన్ని బట్టి ఉంటుంది: ఆరు మిల్లీమీటర్లకు గంట, పన్నెండుకు రెండు గంటలు, అంగుళానికి నాలుగు గంటలు అని గుర్తుపెట్టుకోండి.

నా బట్టీలో పది మిల్లీమీటర్ల మందం కిటికీ అద్దం బొమ్మలకు నేను పెట్టే వరస చెబుతాను. మీ బట్టీకి అటూ ఇటూ పది డిగ్రీలు మారవచ్చు. గంటకు 150 డిగ్రీల చొప్పున 670 దాకా, అక్కడ నలభై నిమిషాలు. రవ్వ గింజల మధ్య గాలి బయటకు పోయేది ఇక్కడే. అక్కడి నుంచి బట్టీ ఎంత వేగంగా వెళ్ళగలిగితే అంత వేగంగా 830, పదిహేను నిమిషాలు. తరవాత మూత ముట్టుకోకుండా దానంతట అదే 550 కి దిగనివ్వాలి, అక్కడ గంటన్నర నుంచి రెండు గంటలు. ఆపైన గంటకు 50 డిగ్రీల చొప్పున 450 దాకా, 80 చొప్పున 370 దాకా, ఇక ఆపేయవచ్చు. మూత మాత్రం 60 డిగ్రీల లోపు వచ్చేదాకా తీయకండి. 300 దగ్గర మూత తీసి చూడటం ఎంత ఊరిస్తుందో నాకు తెలుసు, ఆ ఒక్క చూపు నాకు బోలెడు బొమ్మలు ఖర్చు చేయించింది. మీ బట్టీకి మెట్లు మెట్లుగా వేడి నిలిపే కంట్రోలర్ లేకపోతే అన్నిటికంటే ముందు అది కొనండి. కొత్త అచ్చులు ఆ తరవాత.

మీటరు 830 అన్నంత మాత్రాన అచ్చులన్నీ ఆ వేడిలో ఉన్నాయని నమ్మకండి. బట్టీలో వేడి కొలిచే తీగ, థర్మోకపుల్, తన ముక్కు ఉన్న చోటి వేడినే చెబుతుంది. బట్టీ అరలో మూడు నాలుగు చోట్ల చిటికెడు రవ్వ కుప్పలు పెట్టి ఒకసారి కాల్చి చూడండి. ఒక మూల గింజలు గుండ్రంగా కరిగి, ఇంకో మూల కోణాలు మిగిలి ఉంటే మీ బట్టీ స్వభావం తెలిసిపోతుంది. అచ్చులను అర మీద నేరుగా పెట్టకుండా ఇటుక ముక్కల మీద సెంటీమీటరు ఎత్తులో నిలబెట్టండి, అడుగున కూడా వేడి ఆడాలి.

కరెంటు సంగతి మీ దగ్గరా మా దగ్గరా ఒకటే. రోహిణి కార్తెలో సాయంత్రం ఏసీలన్నీ ఆడే వేళ వోల్టేజీ పడిపోయి, బట్టీ 760 దగ్గర ఈడుస్తూ నిలబడుతుంది. అందుకే ఎండాకాలం నేను తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడతాను. మధ్యలో కరెంటు పోతే కంగారుపడి మూత తీయకండి. 370 కిందికి వచ్చాక పోతే పట్టించుకోనక్కరలేదు. పైన ఉండగా పోతే, వచ్చాక మెల్లగా మళ్ళీ 550 కి ఎక్కించి ఆ రెండు గంటలు మొదటి నుంచి లెక్కపెట్టుకోండి. అప్పటికే పగలకుండా ఉంటే గాజు పాత బిగువును మరిచిపోతుంది.

ఆకులు రెండోసారి అంటుకోవడానికి కారణం పూత. అచ్చుకూ గాజుకూ మధ్య అల్యూమినా హైడ్రేట్, చీనా మట్టి కలిపిన తెల్లటి పొర ఉండాలి. ఒకసారి 800 దాటి కాలాక ఆ చీనా మట్టి మారిపోయి గాజును పట్టుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి ప్రతి కాల్పుకూ పాతది తీసి కొత్తది పూయాలి. మొదటిసారి బాగా వచ్చింది కదా అనుకోవడమే అందరూ చేసేది. పొడిని పలచటి మజ్జిగలా కలిపి, మెత్తటి కుంచెతో నాలుగైదు పలచని పూతలు వేయండి. ఒక్కసారే చిక్కగా పూస్తే ఆకు ఈనెలు పూడిపోతాయి. కుంచె గీతలు గాజు మీద అచ్చంగా దిగుతాయి, చివరి పూత ఆరాక పొడి వేలితో తేలిగ్గా రుద్దండి. ఆరిందని కళ్ళకు కనిపించినా మట్టి లోపల నీరు ఉంటుంది, రవ్వ నింపే ముందు 100 డిగ్రీల దగ్గర గంట, 260 దగ్గర పావుగంట ఉంచాలి. ఇప్పుడు అంటుకున్న ఆకులను చాకుతో పెకలించకండి. అచ్చును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, తిరగేసి గుడ్డ మీద తట్టండి. రానిది రాదు, ఒక అచ్చు పోయిందనుకోండి. పాత పూతను తడిగా ఉండగా నైలాన్ బ్రష్‌తో తోమాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ముళ్ళు ఎందుకు లేస్తాయంటే ఎక్కువ నింపడం వల్ల. గుంట అంచు మీదికి పాకిన పలచని గాజు మట్టిని పట్టుకుని ఉంటుంది, లోపలి గాజు ముడుచుకుంటూ దాన్ని లాగుతుంది, సూదిలా సాగి గట్టిపడుతుంది. ఇవి చాలా పదును, పిల్లలున్న ఇంట్లో బొమ్మను తుడవకుండా ఎక్కడా పెట్టకండి. దీనికి మందు తూకం. అచ్చు నీళ్ళు పీలుస్తుంది కాబట్టి నేను ఆవాలతో కొలుస్తాను. గుంటను ఆవాలతో అంచు సమంగా నింపి, వాటిని మందు సీసా కొలత గ్లాసులో పోసి ఎన్ని మిల్లీలీటర్లో చూడండి. దాన్ని రెండున్నరతో గుణిస్తే గ్రాముల్లో గాజు బరువు. మీ చేప 16 మిల్లీలీటర్లు వచ్చిందనుకోండి, 40 గ్రాములు. నేను 38 వేస్తాను. రవ్వలో సగానికి కాస్త తక్కువ గాలే కాబట్టి అది గుంటలో పట్టక గోపురంలా లేస్తుంది. లేవనివ్వండి, మధ్యలోనే కుప్ప చేయండి, అంచుల మీద పడ్డ గింజలను కుంచెతో లోపలికి తోయండి. కంటి అంచనాతో నింపే పని ఇక మానేయండి. బంగారం తూచే చిన్న కాటా ఒకటి చాలు.

రవ్వ దంచడం ఎలాగో మీకు వచ్చు. ఒకటి రెండు మాటలు మాత్రం చెబుతాను. ఇనుప రోకలి వాడితే అయస్కాంతం తిప్పండి, లేకపోతే తుప్పు చుక్కలు మిగులుతాయి. టీ వడకట్టే జల్లెడలోంచి జారే మెత్తటి పొడిని పక్కన పెట్టేయండి. ఆ పొడితో పోస్తే వేల కొద్దీ చిన్న బుడగలు పట్టి బొమ్మ మజ్జిగ రంగుకు తిరుగుతుంది. బియ్యపు గింజంత రవ్వ అయితే తేటగా వస్తుంది. రవ్వను నీళ్ళలో నాలుగైదు సార్లు కడగండి. దంచేటప్పుడు కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆ రోలు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.

పైన కట్టిన మీగడలో కొంత ఆ పొడి తప్పు, మిగతాది డీవిట్రిఫికేషన్. గాజు 700 దాటాక ఎక్కువసేపు తచ్చాడితే ఉపరితలం మీద స్ఫటికాలు మొలుస్తాయి. కిటికీ అద్దానికి ఈ జబ్బు మరీ ఎక్కువ. అందుకే 670 నుంచి 830 కి పరుగు పెట్టమన్నాను, 830 నుంచి 550 దాకా మధ్యలో ఎక్కడా ఆపకుండా దిగనివ్వమన్నాను. వోల్టేజీ పడిన రోజు మసక ఎక్కువగా వస్తే ఆశ్చర్యపోకండి. కంసాలులు వాడే వెలిగారం వేడి నీళ్ళలో కరిగించి, ఆరిన రవ్వ కుప్ప మీద పలచగా చల్లితే చాలావరకు తగ్గుతుంది. పైన మాత్రమే చల్లాలి, చేయి జారి అచ్చు గోడకు తగిలితే వెలిగారం పూతను తినేస్తుంది, మళ్ళీ అంటుకుందని నాకు రాస్తారు.

అంచులు సరిచేయడానికి ఖరీదైన యంత్రాలు చూసి బెదిరిపోవద్దు. చీమకుర్తి గ్రానైటు పుణ్యమా అని ఒంగోలు చుట్టుపక్కల రాయి పాలిష్ సామగ్రి అమ్మే దుకాణాలకు కొదవలేదు. రాతికి వాడే డైమండ్ ప్యాడ్లే గాజుకూ పనికొస్తాయి. 200 నుంచి మొదలుపెట్టి 400, 800, 1500 వరకు, నీళ్ళు పోస్తూ చేత్తోనే రుద్దండి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు చివరిదాకా వెక్కిరిస్తాయి.

చేపకు పొలుసుల మెరుపు కోసం కాకిబంగారం వేయవచ్చా అని చివర ఒక వాక్యం రాశారు. మైకా గనుల జిల్లాలో పుట్టి ఆ కోరిక లేకపోతేనే వింత. వేయవచ్చు. అది మన వేడికి కరగదు, గాజుతో అతుక్కోదు, మధ్యలో చిక్కుకుని ఉంటుంది, అంతే. పెద్ద రేకులు వేస్తే గాజును రెండు పొరలుగా విడగొడుతుంది. గోటితో గిల్లి గోరు చివరంత పలుకులు చేసి, సగం రవ్వ పోశాక అంచులకు దూరంగా ఎడం ఎడంగా చల్లి, మిగతా రవ్వతో కప్పండి. మన వైపు దొరికే మస్కోవైట్ రకం ఆ వేడికి తనలోని నీటిని వదులుతుంది, కాబట్టి పలుకు చుట్టూ వెండి బుడగలు వస్తాయి. చేపకైతే ఆ బుడగలు అందమే. ఆకుల్లో వేసి చూశాను, పురుగు పట్టినట్టుంది.

ముందు ఒక్క చేప పోయండి. మేకు లేకుండా, ఒకే అద్దం, తూచిన రవ్వ, కొత్త పూత. తీశాక కళ్ళజోడు లోంచి ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.